గళ్ళు లెక్కపెడితే చుట్టుకొలత వస్తుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. గ్రాఫ్ కాగితం మీద బిందువులు పెట్టి, వాటిని కలిపి, ఆ బొమ్మకు చుట్టుకొలత కట్టడం. పిల్లల హోంవర్క్ దగ్గర ఆగిపోయినవాళ్ళు కొందరు, ఇంటి పనికో తోట పనికో కొలతలు తీసి చిక్కులో పడ్డవాళ్ళు కొందరు. అందుకని మిగతా ఉత్తరాలు వచ్చేసారికి ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను. చదివేటప్పుడు గళ్ళ కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. బిందువులు పెట్టుకుంటూ చదివితేనే ఇది చేతికి వస్తుంది.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి ఏడు. (1, 1), (7, 1), (7, 5), (4, 9), (1, 5) బిందువులను వరుసగా కలిపితే పైకప్పు ఉన్న ఇల్లు బొమ్మ వచ్చింది. చుట్టుకొలత అమ్మాయి 22 అంటుంది, అబ్బాయి 28 అంటాడు. ఇద్దరూ గళ్ళు లెక్కపెట్టే చెబుతున్నారు. పొద్దుట్నుంచి ఇంట్లో ఇదే గొడవ. ఎవరిది కరెక్టు?

జవాబు: అమ్మా, ఇద్దరిదీ కాదు. జవాబు 24. అయినా పిల్లలిద్దరినీ తప్పుపట్టకండి. వాళ్ళు ఎక్కడ తప్పారో చూస్తే ఈ పాఠంలో ముఖ్యమైన ముక్క మొత్తం బయటపడుతుంది.

కింది గీత 6 గళ్ళు, రెండు పక్క గోడలు నాలుగేసి గళ్ళు. ఇక్కడి వరకు ఇద్దరూ ఒకటే చెప్పి ఉంటారు. గొడవంతా పైకప్పు దగ్గరే. (7, 5) నుంచి (4, 9) దాకా వెళ్ళే ఏటవాలు గీత చూడండి. ఎడమకు 3 గళ్ళు, పైకి 4 గళ్ళు. అమ్మాయి ఆ గీత ఎన్ని అడ్డ వరుసలు దాటిందో లెక్కపెట్టి 4 అనుకుంది. అబ్బాయి మెట్లెక్కినట్టు ఎడమకు మూడు, పైకి నాలుగు నడిచి 7 అనుకున్నాడు. నిజంగా ఆ గీత పొడవు 5. అది లంబకోణ త్రిభుజానికి కర్ణం, అంటే లంబకోణానికి ఎదురుగా ఉండే పొడవైన భుజం. మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, కలిపితే 25, దాని వర్గమూలం 5. బడిలో దూరం సూత్రం అనేది ఇదే. కప్పుకి రెండు వైపులా ఐదైదు వేసుకుంటే 6, 4, 5, 5, 4, మొత్తం 24.

అబ్బాయికి ఇంకో మాట చెప్పండి. ఆ మెట్లను ఎంత చిన్నవిగా చేసినా, అరగడి మెట్లయినా, కంటికి కనిపించనంత సన్నటి మెట్లయినా, నడక మాత్రం 7 గళ్ళే ఉంటుంది. చూపుకి ఏటవాలు గీతలాగే కనిపిస్తుంది, పొడవు మాత్రం 5 కాదు. ఏడో తరగతి పిల్లవాడు దీని గురించి ఒక సాయంత్రం ఆలోచించగలిగితే అంతకంటే మంచి హోంవర్క్ ఉండదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పాప ఇలాంటి లెక్కకే పరీక్షలో సరైన జవాబు రాసింది. స్టెప్పులు ఒక్కటీ లేవు. చూసి రాసిందనుకుని సున్నా వేశాను. మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చి, జామెట్రీ బాక్సులోంచి ఎర్ర కుట్టుదారం ముక్క తీసింది. ఒక కొసను మూల మీద వేలితో అదిమిపట్టి, దారాన్ని ఏటవాలు గీత వెంట బిగుతుగా పరిచి, రెండో మూల దగ్గర గోటితో నొక్కింది. గోరు తియ్యకుండా అదే దారాన్ని అడ్డ గీత మీదికి తిప్పి పరిచింది. సరిగ్గా ఐదు గళ్ళు. ఒక్క మాట మాట్లాడలేదు. మార్కులు దిద్దాను, కానీ ఆ సున్నా వేసినందుకు ఈ రోజుకీ బాధే. ఆ తర్వాత నా క్లాసులో సూత్రం కంటే ముందు దారం వచ్చేది. యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాలైన శుల్బ సూత్రాల్లో శుల్బ అంటే తాడే. దీర్ఘచతురస్రానికి మూల నుంచి మూలకు తాడు చాస్తే, దాని మీది చతురస్రం పొడవు మీద, వెడల్పు మీద కట్టిన చతురస్రాలు రెంటికీ సమానమని ఆ సూత్రాల్లో బౌధాయనుడు చెప్పింది ఈ సంగతే.

ఇంట్లో సరిచూసుకోవడానికి ఒక కొండగుర్తు. ఏటవాలు గీత ఎప్పుడూ అడ్డం, నిలువుల్లో పెద్దదాని కంటే ఎక్కువ, రెండూ కలిపిన దాని కంటే తక్కువ. ఇక్కడ 4కీ 7కీ మధ్య. అంటే మీ బొమ్మ చుట్టుకొలత 22కీ 28కీ మధ్యలో పడాలి. మీ పిల్లలిద్దరూ తెలియకుండానే రెండు హద్దులూ కనిపెట్టారు. ఆ మాట కూడా వాళ్ళతో చెప్పండి.

ప్రశ్న: మేడమ్, (−3, −2), (5, −2), (5, 4), (−3, 4) బిందువులతో దీర్ఘచతురస్రం వచ్చింది. 5లోంచి 3 తీస్తే 2, 4లోంచి 2 తీస్తే 2. చుట్టుకొలత 8 అని రాశాను. తప్పు అన్నారు. ఎందుకు తప్పో చెప్పలేదు.

జవాబు: నువ్వు మైనస్ గుర్తును వదిలేసి అంకెను మాత్రమే తీసుకున్నావు బాబూ. −3 దగ్గర నిలబడి 5 దాకా నడువు. సున్నా దగ్గరికి రావడానికి మూడు అడుగులు, అక్కడి నుంచి ఐదు. మొత్తం 8. నిలువునా అంతే, −2 నుంచి 4 దాకా 6. చుట్టుకొలత 28.

మైనస్ అంటే భయంగా ఉంటే బొమ్మనే జరుపు. అన్ని బిందువుల్లో మొదటి అంకెకు 3, రెండో అంకెకు 2 కలుపు. (0, 0), (8, 0), (8, 6), (0, 6) అవుతుంది. బొమ్మ పక్కకు, పైకి జరిగిందంతే, ఒక్క భుజం కూడా పెరగలేదు, తరగలేదు. మూలబిందువు, అంటే (0, 0), ఎక్కడ ఉండాలన్నది మన ఇష్టం. బొమ్మలను సమీకరణాలతో ముడిపెట్టిన ఫ్రెంచ్ గణితవేత్త రెనె డెకార్ట్ పుస్తకం 1637లో వచ్చింది. మనం ఇప్పుడు గీసే ఈ రెండు లంబాక్షాలు అందులో ఈ రూపంలో లేవు. అవి మన సౌకర్యం కోసం తర్వాత కుదురుకున్నవి. కాబట్టి నీ సౌకర్యానికి తగ్గట్టు వాడుకో.

ప్రశ్న: నేను ఇళ్ళలో చెక్క పని చేస్తాను. ఎల్ ఆకారం గదికి గోడ అడుగున స్కర్టింగ్ పలక వెయ్యాలి. మీ శీర్షిక చూసి గది మూలలను గ్రాఫ్ కాగితం మీద పెట్టాను. మీటర్లలో (0, 0), (6, 0), (6, 2.5), (3.5, 2.5), (3.5, 5), (0, 5). మొత్తం 22 మీటర్లు వచ్చింది. ఎల్ కాకుండా పూర్తి గదే అయి ఉంటే 6కి 5, అదీ 22 మీటర్లే. ఒక మూల మొత్తం కోసేసినా పొడవు తగ్గలేదంటే నేనెక్కడో పొరబడ్డానని అనుమానం.

జవాబు: మీరు పొరబడలేదండీ. అనుమానం వచ్చి మళ్ళీ చూసుకున్నారు చూడండి, అది చాలా మంచి అలవాటు. మీ 22 కరెక్టు.

గది చుట్టూ మనసులో నడిచి చూడండి. పూర్తి గది అయితే (6, 2.5) నుంచి పైకి 2.5 నడిచి మూల తిరిగి ఎడమకు 2.5 నడుస్తారు. ఎల్ గదిలో ముందు ఎడమకు 2.5 నడిచి, తర్వాత పైకి 2.5 నడుస్తారు. నడక వరుస మారింది, నడిచిన దూరం మారలేదు. తగ్గింది వైశాల్యం. టైల్స్ తక్కువ పడతాయి, స్కర్టింగ్ అంతే పడుతుంది. చేత్తో పని చేసేవాళ్ళకు కూడా ఈ తేడా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

మూల కాకుండా గోడ మధ్యలో గూడు లోపలికి వెళ్ళి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. గూడు లోతు అర మీటరైతే, లోపలికి అర, బయటికి అర, ఒక మీటరు అదనం. గూడు ఎంత వెడల్పున్నా ఆ అదనం ఒక మీటరే. అదే మూలను ఎల్ లాగా కాకుండా ఏటవాలుగా కోసి ఉంటే, (6, 2.5) నుంచి (3.5, 5)కి నేరుగా గోడ ఉంటే, 2.5, 2.5 కలిపిన 5 మీటర్లకు బదులు 3.54 మీటర్లు చాలు. అప్పుడు మొత్తం 20.54.

తలుపు 0.9 మీటర్లయితే 22లోంచి అది తీసెయ్యండి, 21.1. ఇక మీకు తెలిసిన విషయమే అయినా కాగితం మీద కనిపించదు కాబట్టి గుర్తుచేస్తున్నాను. మీ ఆరు మూలల్లో ఐదు లోపలి మూలలు. (3.5, 2.5) ఒక్కటే గదిలోకి పొడుచుకొచ్చిన మూల. అక్కడ 45 డిగ్రీల్లో కోసి కలిపేటప్పుడు, రెండు ముక్కల్లో ప్రతిదీ గోడ పొడవు కంటే పలక మందం అంత ఎక్కువ ఉండాలి. సరిగ్గా 2.5 మీటర్లకు కోస్తే ఆ మూల దగ్గర సందు పడుతుంది. చుట్టుకొలత గోడది, మీరు కోసేది పలకను. పైగా పాయింటు తర్వాత అంకెలు వచ్చినప్పుడు మధ్యలో ఎక్కడా సవరించకండి. అంతా కలిపాక చివర్లో, అదీ పైకే సవరించండి. కిందికి సవరిస్తే ముక్క చాలదు.

ప్రశ్న: తోటకు కంచె వెయ్యాలని నాలుగు రాటలు పాతాను. ఒక మూలను సున్నా అనుకుని టేపుతో కొలిచి మీటర్లలో రాసుకున్నాను. ఒకటో రాట (0, 0), రెండోది (15, 12), మూడోది (20, 0), నాలుగోది (0, 12). ప్రతి రెండు రాటల మధ్య దూరం సూత్రంతో కట్టి కలిపితే 67.5 మీటర్లు వచ్చింది. నమ్మకం చాలక టేపు పట్టుకుని చుట్టూ తిరిగితే 60 మీటర్లే. ఏడున్నర మీటర్లు ఎక్కడికి పోయాయి? టేపు తప్పా, సూత్రం తప్పా?

జవాబు: మీ టేపు తప్పు కాదు, సూత్రమూ తప్పు కాదు. మీ అంకెలన్నీ కాగితం మీద పెట్టి, మీరు రాసిన వరుసలోనే కలిపి చూశాను. ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, మూడు నుంచి నాలుగు, తిరిగి ఒకటి. వచ్చింది తోట కాదు. రెండు గీతలు మధ్యలో అడ్డంగా దాటుకుని, గాలిపటం ముడిపడినట్టు వచ్చింది. మీరు రాటలను పాతిన వరుసలో రాసుకున్నారు, చుట్టూ తిరిగే వరుసలో కాదు. అందుకే తోటలో మూల నుంచి ఎదురు మూలకు పోయే రెండు కర్ణాలు లెక్కలోకి వచ్చాయి, 19.21 ఒకటి, 23.32 ఒకటి. వాటికి 13, 12 కలిపితే 67.53.

వరుస మార్చండి. ఒకటి, మూడు, రెండు, నాలుగు. (0, 0) నుంచి (20, 0) 20 మీటర్లు. (20, 0) నుంచి (15, 12)కి అడ్డం 5, నిలువు 12, అంటే 13. అక్కడి నుంచి (0, 12)కి 15. తిరిగి ఇంటికి 12. మొత్తం 60, మీ టేపు చెప్పినంతే. చుట్టుకొలత అంటే ఒక మూల నుంచి బయల్దేరి, దారి దాటుకోకుండా, మళ్ళీ ఆ మూలకే వచ్చే నడక. గీతలు ఎక్కడైనా దాటుకున్నాయంటే వరుస తప్పినట్టే. నాలుగు మూలల బొమ్మలో దాటుకునే వరుస ఎప్పుడూ సరైన దాని కంటే ఎక్కువ పొడవే చూపిస్తుంది.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకొకటుంది, అదే నాకు ఎక్కువగా కనిపిస్తుంది. చివరి భుజం మర్చిపోవడం. నాలుగు బిందువులు రాసి మధ్యలో మూడు దూరాలు కట్టి ఆపేస్తారు. మీ తోటకైతే 48 మీటర్లు వచ్చేది. కంప్యూటర్లో పట్టికగా వేసేవాళ్ళకి ఇది మరీ తేలిగ్గా జరుగుతుంది. అందుకే నేను మొదటి బిందువునే జాబితా చివర్లో మళ్ళీ రాయించేదాన్ని. అలా రాస్తే మర్చిపోవడానికి వీలుండదు.

కొలతలు తీసే పద్ధతి గురించి ఒక మాట. ఒక రాట (15, 12) అని రాయాలంటే, పక్కకు 15 మీటర్లు నడిచి, అక్కడి నుంచి నిటారుగా, లంబకోణంలో 12 మీటర్లు వెళ్ళాలి. ఆ లంబం కంటితో చూసి వేస్తే 12 మీటర్ల దూరంలో రాట చాలా జరిగిపోతుంది. పన్నెండు మీటర్ల తాడును 3, 4, 5 మీటర్ల భాగాలుగా విడదీసేలా ముడులు వేసి, రెండు కొసలూ కలిపి త్రిభుజంగా బిగించి లాగండి. 3, 4 కలిసే మూల సరిగ్గా లంబకోణం. ఇద్దరు మనుషులు తోడుంటే రెండు నిమిషాల పని.

ప్రశ్న: ఇంటి ప్లాన్ గళ్ళ కాగితం మీద ఉంది. ఒక గడి 2 మీటర్లకు సమానం. చుట్టుకొలతను 2తో గుణించాలా, 4తో గుణించాలా?

జవాబు: చుట్టుకొలతను 2తో, వైశాల్యాన్ని 4తో. పైన చెప్పిన ఇల్లు బొమ్మకు చుట్టుకొలత 24, వైశాల్యం 36 గళ్ళు. మీ స్కేలులో అయితే 48 మీటర్లు, 144 చదరపు మీటర్లు. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. అడ్డం గడి ఒక మీటరు, నిలువు గడి ఐదు మీటర్లు అన్నట్టు రెండు అక్షాలకు వేర్వేరు స్కేళ్ళు ఉంటే, ముందు బిందువులన్నిటినీ మీటర్లలోకి మార్చుకుని, ఆ తర్వాతే దూరాలు కట్టండి. ముందు కట్టి తర్వాత గుణిస్తే ఏటవాలు గీతలు తప్పిపోతాయి.

ప్రశ్న: రోజూ చెరువు చుట్టూ నడుస్తాను. ఫోనులో మ్యాప్ తెరిచి నాలుగు మలుపుల దగ్గర అక్షాంశం, రేఖాంశం నోట్ చేసుకున్నాను. వాటిని ఎక్స్, వై అనుకుని దూరం సూత్రంలో వేస్తే జవాబు 0.02 అని వచ్చింది. 0.02 ఏమిటి? కిలోమీటర్లా?

జవాబు: డిగ్రీలండీ. మీరు డిగ్రీలు వేశారు, డిగ్రీలే వచ్చాయి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. కాబట్టి 0.001 డిగ్రీ సుమారు 111 మీటర్లు. ఇది భూమి మీద ఎక్కడైనా ఇంచుమించు ఇంతే. రేఖాంశం అలా కాదు. రేఖాంశ రేఖలు ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ దగ్గరపడతాయి. భూమధ్యరేఖ దగ్గర రేఖాంశంలో ఒక డిగ్రీ కూడా 111 కిలోమీటర్లే. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగం. ధ్రువం దగ్గర సున్నా. మీరున్న చోటి అక్షాంశానికి కొసైన్ విలువ (కాలిక్యులేటర్లో cos మీట) తీసి, ఆ 111 కిలోమీటర్లను దాంతో గుణించాలి.

రెండు మలుపుల మధ్య అక్షాంశంలో 0.003, రేఖాంశంలో 0.004 తేడా ఉందనుకోండి. భూమధ్యరేఖ దగ్గరైతే 333, 444 మీటర్లు, కర్ణం 555. అదే అంకెలు 60 డిగ్రీల దగ్గరైతే 333, 222 మీటర్లు, కర్ణం 400. అంకెలు అవే, నడక 155 మీటర్లు తగ్గిపోయింది. గళ్ళన్నీ చతురస్రాలుగా ఉన్నప్పుడే మన సూత్రం నడుస్తుంది. మ్యాప్ గళ్ళు చాలాచోట్ల చతురస్రాలు కావు. ముందు మీటర్లలోకి మార్చుకున్నాక ఇక భయం లేదు. చెరువంత చోటులో భూమి వంపును పట్టించుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి. చెరువు గట్టు నాలుగు గీతలు కాదు కదా. నాలుగు బిందువులతో కడితే మీరు నిజంగా నడిచేదాని కంటే తక్కువ వస్తుంది. ఎనిమిది పెడితే కొంచెం పెరుగుతుంది, పదహారు పెడితే ఇంకొంచెం. ఇలా పెరుగుతూ పోతే ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న పెద్ద పెద్దవాళ్ళకే వచ్చింది. బ్రిటన్ తీరం పొడవెంత అన్న ప్రశ్నే శీర్షికగా గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో ఒక వ్యాసం రాశాడు. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ తీరం పొడవు పెరుగుతూనే ఉంటుందని అంతకుముందే బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ రిచర్డ్‌సన్ గమనించాడు. మీకు అంత లోతు అక్కర్లేదు. అలాగని రెండేసి మీటర్లకు ఒక బిందువు పెట్టకండి. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోను చూపే స్థానం సుమారు 5 మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. అంత దగ్గర దగ్గరగా పెడితే మీరు తిన్నగా నడిచినా కాగితం మీద వంకరటింకరగా వచ్చి, లేని దూరం కలుస్తుంది. దారి తిరిగిన ప్రతిచోటా ఒక్కో బిందువు చాలు.

ప్రశ్న: దూరం సూత్రం ఎన్నిసార్లు బట్టీ పట్టినా పరీక్ష హాల్లో మర్చిపోతున్నాను. ఏది ముందు తియ్యాలి, ఎక్స్ 1 లోంచి ఎక్స్ 2 తియ్యాలా, తిరగెయ్యాలా అని టెన్షన్. ఏం చెయ్యను?

జవాబు: బట్టీ మానెయ్యి తల్లీ. నీ టెన్షన్ అంతా ఏది ముందన్న దాని మీదే ఉంది, అది అసలు అక్కర్లేని టెన్షన్. ఎటు నుంచి తీసినా వర్గం చేస్తే ఒకటే. 3 వర్గమూ 9, −3 వర్గమూ 9.

హాల్లో చేయాల్సింది ఇది. రెండు బిందువుల మధ్య ఏటవాలు గీత గీసి, దాని కింద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పెన్సిలుతో సన్నగా గీయి. త్రిభుజం కనిపిస్తుంది. అడ్డం ఎన్ని గళ్ళు, నిలువు ఎన్ని గళ్ళు లెక్కపెట్టి పక్కన రాయి. రెండిటినీ విడివిడిగా వర్గం చేసి, కలిపి, ఆ తర్వాతే వర్గమూలం. వర్గమూలాన్ని లోపలికి పంచిపెట్టకు. 9, 16 కలిపి వర్గమూలం తీస్తే 5, విడివిడిగా తీసి కలిపితే 7. ఆ 7 ఎక్కడిదో పైన మొదటి ఉత్తరం చదివితే తెలుస్తుంది, మెట్ల మీద నడిచిన అబ్బాయిది. త్రిభుజం గీయడానికి పట్టేది పది సెకన్లు. పేపరు దిద్దేవాళ్ళకు కూడా నువ్వు ఏం చేశావో కనిపిస్తుంది.

పాఠకులందరికీ ఈసారి ఒక లెక్క. ఆటస్థలంలో ఐదు జెండాలు పాతారు. మీటర్లలో వాటి చోట్లు (7, 1), (−5, 4), (−5, −4), (3, 4), (7, −4). చుట్టూ కట్టడానికి మీ దగ్గర 40 మీటర్ల తాడు ఉంది. చాలుతుందా? చాలితే ముడి వెయ్యడానికి ఎంత మిగులుతుంది? జవాబుతో పాటు మీరు గీసిన బొమ్మ కూడా పంపండి. నేను ముందు చూసేది బొమ్మనే.